తల్లి నీడలో బతకని మొక్కలు

పనామా నగరం నుంచి ఉత్తరంగా ముప్పావుగంట ప్రయాణిస్తే గాంబోవా అనే చిన్న ఊరు వస్తుంది. చాగ్రెస్ నది పనామా కాలువలో కలిసేది అక్కడే. కాలువ పూడిక తీసే సిబ్బంది కోసం ఒకప్పుడు కట్టిన చెక్క ఇళ్ళు, వాటి వెనకనే అడవి. పొద్దున్నే అక్కడి రేవులో స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థ వారి పడవ ఎక్కాను. జులై నెల, అక్కడ వానాకాలం. కంటెయినర్లు మోసుకుంటూ పెద్ద పెద్ద ఓడలు సాగిపోతున్నాయి. మా పడవ వాటి దారికి అడ్డురాకుండా పక్కకు జరుగుతూ గటూన్ సరస్సులోకి వెళ్ళింది.

పనామాకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలువను చూడడానికే వస్తారు. నేను వచ్చింది ఆ కాలువ దారిలో ఉన్న ఒక దీవి కోసం. దాని పేరు బారో కొలరాడో. విస్తీర్ణం పదిహేనున్నర చదరపు కిలోమీటర్లు. ఉష్ణమండలపు చెట్లు ఎలా పుడతాయి, ఎలా చస్తాయి, శత్రువుల నుంచి తమను తాము ఎలా కాపాడుకుంటాయి అన్న విషయాల్లో ఈ రోజు మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ కాస్త నేల మీద తేల్చిందే.

ఇది పుట్టుకతో దీవి కాదు, కొండ. కాలువ కోసం చాగ్రెస్ నదికి గటూన్ దగ్గర ఆనకట్ట కట్టారు. నీరు పెరిగి పల్లాల్లోని అడవినీ ఊళ్ళనీ ముంచేసింది. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచేనాటికి ఈ కొండ నెత్తి మాత్రమే నీటి పైన మిగిలింది. సాగర్ నీళ్ళ మధ్య మిగిలిన నాగార్జునకొండను చూసినవాళ్ళకు ఈ మార్పు వేరే చెప్పక్కర్లేదు. మునిగిన చెట్ల మోడులు నూరేళ్ళు దాటినా ఇప్పటికీ సరస్సులో అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. 1923 ఏప్రిల్‌లో ఈ దీవిని పరిశోధన కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. జేమ్స్ జెటెక్ అనే కీటక శాస్త్రవేత్త తొలి రోజుల్లో దీని బాధ్యత మోశాడు. 1946లో ఇది స్మిత్‌సోనియన్ చేతికి వచ్చింది. నూరేళ్ళుగా గొడ్డలి పడని, మంట తగలని అడవి. దీవిలో సగం వరకు అంతకంటే ఎంతో పాతది.

రేవు నుంచి మెట్లు ఎక్కుతుండగానే హౌలర్ కోతుల గుంపు అరుపు వినిపించింది. ఆ అరుపు కిలోమీటర్ల దూరం పోతుంది. పైన ప్రయోగశాలలు, భోజనశాల, పరిశోధకుల గదులు. మమ్మల్ని తీసుకెళ్ళిన అమ్మాయి పనామాలోనే జీవశాస్త్రం చదువుతోంది. బాట దిగకూడదు, ఏదీ తెంపకూడదు, చూసుకోకుండా చెట్టుకు చెయ్యి ఆనించకూడదు అని ముందే చెప్పింది. ఆ చివరి మాటకు కారణం కాసేపట్లోనే కనిపించింది. ఒక తాటి జాతి చెట్టు, కాండం నిండా వేలెడు పొడుగు నల్లటి ముళ్ళు.

బాట మీద నడుస్తూ ఒక్కో చెట్టునూ చూసుకుంటూ పోతే మొదట మనసుకు తట్టేది, ఒకసారి చూసిన చెట్టు మళ్ళీ వెంటనే కనిపించకపోవడం. మన టేకు అడవిలో ఎటు చూసినా టేకే. ఇక్కడ పక్కపక్కన ఉన్న పది చెట్లూ పది జాతులు. ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1878లోనే ఈ సంగతి రాశాడు. ఒక చెట్టును గుర్తుపట్టి అలాంటి ఇంకోదాని కోసం వెతికే ప్రయాణికుడికి చాలాసేపు నిరాశే మిగులుతుందన్నది ఆయన చెప్పినదాని సారాంశం. నాకు పేరు తెలిసిన చెట్టు ఒకటే దొరికింది, తెల్లబూరుగ. మన దగ్గర దిండ్లలోకి, పరుపుల్లోకి దూది ఇచ్చే చెట్టే. ఇక్కడ అది అడవికంతటికీ పైన తల ఎత్తి ఉంది. దాని మొదట్లో పలకల్లా లేచిన వేళ్ళ మధ్య నలుగురం నిలబడగలిగాం.

ఇన్ని జాతులు ఒకే చోట ఎలా ఉండగలుగుతున్నాయి? ఎండ ఒకటే, నీరు ఒకటే, మట్టి ఒకటే. పోటీలో బలమైనది గెలిచి మిగతావాటిని తొక్కేయాలి కదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు లెక్క కావాలి. ఆ లెక్క తీసిన చోటికే మా బాట పోయింది.

దీవి నడిబొడ్డున, ఎత్తయిన మిట్ట మీద, కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు, అంటే 50 హెక్టార్ల క్షేత్రం. స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1980లో దీన్ని మొదలుపెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే థామస్ క్రోట్ ఈ దీవి మొక్కలన్నిటి మీదా, 1,300కు పైగా జాతులను వివరిస్తూ, ఒక పెద్ద గ్రంథం తెచ్చాడు. అది లేకపోతే చెట్లకు పేర్లు పెట్టడమే కుదిరేది కాదు. క్షేత్రాన్ని 20 మీటర్ల గళ్ళుగా విడగొట్టారు. ఛాతీ ఎత్తున, అంటే 1.3 మీటర్ల దగ్గర, కనీసం ఒక సెంటీమీటరు మందం ఉన్న ప్రతి చెట్టునూ పొదనూ కొలిచి, జాతి గుర్తించి, పటం మీద చోటు వేసి, అంకె కొట్టిన అల్యూమినియం బిళ్ళ కట్టారు. మొదటి లెక్క 1983కు పూర్తయింది. రెండు లక్షలకు పైగా చెట్లు, సుమారు 300 జాతులు. 1985 నుంచి దాదాపు ఐదేళ్ళకోసారి మళ్ళీ అదే పని. పలకల వేళ్ళున్న పెద్ద చెట్టు దగ్గర నిచ్చెన వేసుకుని పైకెక్కి కొలుస్తారు. ఒక బిళ్ళను నేను వంగి చూశాను. చిటికెన వేలంత మొక్క. దానికీ ఒక అంకె ఉంది, ఒక చరిత్ర ఉంది. ఇంతటి శ్రద్ధ ఒక అడవి మీద పెట్టిన మనుషులున్నారని తెలియడమే నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద సంతోషం.

ఈ క్షేత్రానికి పదేళ్ళ ముందే ఒక ఊహ పుట్టింది. 1970లో డేనియల్ జాన్జెన్ మధ్య అమెరికా అడవులను చూసి, 1971లో జోసెఫ్ కానెల్ ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ అడవులను చూసి, విడివిడిగా ఒకే మాట చెప్పారు. ప్రతి చెట్టుకూ దానికే ప్రత్యేకమైన శత్రువులుంటాయి: దాని గింజను తొలిచే పురుగు, దాని ఆకు తినే గొంగళి, దాని మొలకను కుళ్ళబెట్టే బూజు. ఆ శత్రువులు పెద్ద చెట్టు చుట్టూనే మూగి ఉంటాయి. గింజలు ఎక్కువగా రాలేదీ అక్కడే. కాబట్టి తల్లి నీడలో మొలిచిన పిల్ల బతకదు. దూరంగా, వేరే జాతి చెట్ల మధ్య పడినది బతుకుతుంది. తల్లి కింద ఖాళీ అయిన చోటులోకి ఇంకో జాతి వస్తుంది. ఏ జాతీ అడవినంతటినీ ఆక్రమించలేదు. ఏటా ఒకే చేలో మిరపే వేస్తే తెగులు మట్టిలో పాతుకుపోతుందని మన రైతు పంట మారుస్తాడు. అడవి ఆ పంట మార్పిడిని తనంతట తానే, ఒక్కో చెట్టు దగ్గరా చేసుకుంటోంది.

ఊహ బాగుంది. రుజువు? మా దారిలో రాలి ఉన్న ఒక కాయను ఆ అమ్మాయి చేతిలోకి తీసుకుని చూపించింది. రెండుగా విచ్చిన తొక్క, లోపల గింజ, గింజ మీద ఎర్రటి వలలాంటి పొర. జాపత్రి గుర్తొచ్చింది. గుర్తు రావలసిందే, అది విరోలా, జాజికాయ కుటుంబానిదే. ఆ ఎర్రటి పొర కోసం టూకన్ పక్షులు గింజ మింగి, దూరంగా పోయి కక్కేస్తాయి. 1980లలో హెన్రీ హోవ్ బృందం ఈ దీవిలోనే ఈ గింజల గతి చూసింది. చెట్టు కిందే పడ్డవాటిలో నూటికి తొంభైతొమ్మిదికి పైగా పన్నెండు వారాల్లో పోయాయి, ముఖ్యంగా ముక్కు పురుగుల వల్ల. నలభైఅయిదు మీటర్ల దూరం పడ్డ గింజకు బతికే అవకాశం నలభై రెట్లకు పైగా ఎక్కువ. మరో చెట్టు ప్లాటిపోడియం. దాని మొలకల మీద కేరల్ ఆగ్స్‌పర్గర్ పనిచేసి, తల్లి దగ్గరి మొలకలను చంపుతున్నది ఎక్కువగా బూజు తెగులే అని చూపింది. మన నర్సరీల్లో నారుకుళ్ళు అనేది దాన్నే.

ఇవి రెండు మూడు జాతుల కథలు. మొత్తం అడవి సంగతి తేల్చడానికి క్షేత్రంలో 200 వలతొట్లు పెట్టారు. చట్రానికి బిగించిన అర చదరపు మీటరు వల, కింద కాళ్ళు. 1987 నుంచి వారం వారం అందులో రాలిన ప్రతి గింజనూ ఏరి లెక్కపెడుతున్నారు. పక్కనే చిన్న మడుల్లో మొలకల లెక్క. 2000లో కైల్ హార్మ్స్, జోసెఫ్ రైట్ తదితరులు నాలుగేళ్ళ లెక్క ప్రకటించారు: 3,86,027 గింజలు, 13,068 మొలకలు. పరిశీలించిన 53 జాతుల్లోనూ ఒకటే తీరు. తన జాతి గింజలు ఎంత గుంపుగా పడితే, ఒక్కో గింజ మొలకయ్యే అవకాశం అంత తక్కువ. అందుకే రాలిన గింజల్లో కంటే నిలిచిన మొలకల్లో జాతుల వైవిధ్యం ఎక్కువ.

2010లో స్కాట్ మాంగన్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. తన జాతి చెట్టు కింది మట్టిలో మొలక సరిగా ఎదగలేదు, పరాయి చెట్టు కింది మట్టిలో ఎదిగింది. మట్టిలోని జీవులే దీనికి కారణం. అదే ఏడాది లీజా కొమీటా బృందం, అడవిలో అరుదైన జాతుల మొలకలకే తమవాళ్ళ పొరుగు ఎక్కువ చేటు చేస్తోందని తేల్చింది. 2014లో బెలీజ్ అడవిలో రాబర్ట్ బాగ్చీ బృందం మొలకల మీద బూజును చంపే మందు కొట్టి చూసింది. జాతుల వైవిధ్యం తగ్గిపోయింది. కంటికి కనబడని, మనం తెగులని పిలిచే బూజు ఆ అడవి సంపదకు కాపలా కాస్తోంది!

ఇదే చివరి మాట అని ఎవరూ అనడం లేదు. ఇదే క్షేత్రాన్ని మొదలుపెట్టిన హబ్బెల్ 2001లో పుస్తకం రాసి, జాతుల మధ్య తేడాలను పక్కన పెట్టి, పుట్టుక, చావు, గింజల వ్యాప్తిలోని యాదృచ్ఛికత మీదనే వైవిధ్యాన్ని చాలావరకు వివరించవచ్చని వాదించాడు. ఆ వాదాన్ని ఒప్పుకోనివాళ్ళు కూడా అదే క్షేత్రపు అంకెలతోనే బదులు చెప్పారు. ఇద్దరికీ ఒకే లెక్క ఆధారం. అంకెలను అందరి ముందూ పెట్టిన చోటే సైన్సు ఇలా ఎదుగుతుంది.

అయితే ఒక శత్రువు ఒక చెట్టుకే ఎందుకు అంటుకుని ఉంటుంది? పక్క చెట్టు ఆకు ఎందుకు తినదు? ఈ ప్రశ్నే మనల్ని రసాయనశాస్త్రం దగ్గరికి తీసుకుపోతుంది. బాట పక్కన ఒక ఇంగా చెట్టు దగ్గర ఆగాం. దీని కాయలోని తెల్లటి తీపి గుజ్జును ఇక్కడ పిల్లలు తింటారు. మనం తినే సీమచింతకు ఇది దగ్గరి చుట్టం, సీమచింత కూడా ఈ అమెరికా నేల నుంచి వచ్చిందే. ఇంగాలో సుమారు 300 జాతులున్నాయి. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిస్ కోలీ, థామస్ కుర్సర్ దంపతులు దశాబ్దాల పాటు వీటి ఆకుల మీద పనిచేశారు.

ఆకుకు గండం లేత వయసులోనే. నీడలో పెరిగే ఉష్ణమండలపు చెట్ల ఆకులకు జీవితం మొత్తంలో జరిగే నష్టంలో మూడింట రెండు వంతులు, విచ్చుకునే ఆ కొద్ది వారాల్లోనే జరుగుతుంది. పెరుగుతున్న ఆకు మెత్తగానే ఉండాలి, గట్టిపడితే సాగదు. అందుకని చెట్టు ఇతర ఉపాయాలు పన్నుతుంది. కొన్ని ఇంగాలు ఆకును గబగబా పెంచేసి, పచ్చదనాన్ని ఆ తర్వాత నింపుకుంటాయి. అందుకే వాటి చిగుళ్ళు తెల్లగానో గులాబీ రంగులోనో వేలాడుతుంటాయి. పురుగు తిన్నా పోయేది తక్కువ. మన మామిడి చిగురు రాగి రంగులో ఉండి తర్వాత పచ్చబడడం అందరం చూసిందే. ఇంగాల ఆకుల నడుమ చిన్న చిన్న గిన్నెల్లాంటి గ్రంథులుంటాయి. వాటిలో తేనె ఊరుతుంది. దాని కోసం వచ్చే చీమలు గొంగళి పురుగులను తరిమేస్తాయి. ఆ గిన్నెల చుట్టూ చీమలు తిరుగుతుండగా మేం చాలాసేపు చూశాం.

వీటన్నిటి కంటే బలమైనది విషం. ఇంగా చిగుళ్ళలో వగరు నిచ్చే టానిన్లు, ఇతర ఫినాలిక్ పదార్థాలు ఉంటాయి. తోళ్ళు పదును చేయడానికి మనవాళ్ళు తంగేడు చెక్క వాడింది ఈ టానిన్ల కోసమే. కొన్నింట్లో సాపోనిన్లు, కుంకుడుకాయ నురుగు ఇచ్చేది వాటి వల్లే. మరికొన్ని జాతులు ఇంకా వింత పని చేస్తాయి. టైరోసిన్ ప్రతి జీవికీ కాస్త అవసరమైన అమైనో ఆమ్లం. ఆ జాతులు దాన్ని లేత ఆకు ఎండు బరువులో 5 నుంచి 20 శాతం దాకా కూడబెడతాయి. అంత మోతాదు పురుగుకు విషమవుతుంది. ఒక ఇంగా రసాయనాలను అరిగించుకోవడం నేర్చిన పురుగు మరో ఇంగా దగ్గర ఓడిపోతుంది. 2009లో కోలీ, కుర్సర్ బృందం పనామా, పెరూ అడవుల్లో ఇంకో సంగతి గమనించింది. పక్కపక్కన పెరుగుతున్న ఇంగాల రక్షణ ఉపాయాలు ఒకదానితో ఒకటి పోలి ఉండడం తక్కువ. పొరుగువాడి శత్రువు తనకూ శత్రువు కాకూడదు, అప్పుడే ఇద్దరూ ఒకే చోట బతుకుతారు. వైవిధ్యం వెనకున్న రసాయనం ఇది.

ఈ జ్ఞానం మనిషికీ అక్కరకొచ్చింది. లేత ఆకుల్లోనే చురుకైన రసాయనాలు ఎక్కువని కోలీ, కుర్సర్ గ్రహించారు కదా. ఆ సూత్రం మీదే 1990ల చివర్లో పనామాలో మందుల అన్వేషణ మొదలైంది. కాన్సర్, మలేరియా, లీష్మేనియాసిస్ వంటి జబ్బుల మీద ఆకుల సారాన్ని పరీక్షించారు. ఆకులు మూటగట్టి విదేశాలకు పంపేయకుండా పనిలో పెద్ద భాగం పనామా ప్రయోగశాలల్లోనే, పనామా విద్యార్థుల చేతుల మీదుగానే చేయించారు. అడవి ఉన్న దేశానికే ఆ విద్య కూడా దక్కాలన్నది న్యాయమైన ఆలోచన.

ఒకే జాతి గుంపుగా ఉంటే శత్రువులు మూగుతాయన్న ఈ అడవి పాఠాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి రబ్బరు చాలు. అమెజాన్ అడవిలో రబ్బరు చెట్లు దూరదూరంగా ఉంటాయి. 1928లో హెన్రీ ఫోర్డ్ బ్రెజిల్‌లో ఫోర్డ్‌లాండియా పేరుతో వాటిని వరసల్లో నాటించాడు. ఆకు ఎండు తెగులు బూజు చెట్టు నుంచి చెట్టుకు పాకి తోటలను తినేసింది. 1945లో ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి తెచ్చిన గింజల సంతానం మాత్రం ఆసియాలో వరసల్లోనే హాయిగా పెరిగింది, ఆ బూజు సముద్రం దాటి రాలేదు కాబట్టి. పుట్టినింట్లో శత్రువు ఉన్నప్పుడు గుంపుగా బతకలేని చెట్టు, శత్రువు లేని చోట తోటగా నిలిచింది.

మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. తిరిగి వచ్చే దారిలో కుందేలంత ఉండే ఎలుక జాతి జంతువు, అగూటీ ఒకటి అడ్డంగా పరుగెత్తింది. పాట్రిక్ జాన్సెన్ బృందం ఆ ముళ్ళ తాటి గింజలకు రేడియో పరికరాలు కట్టి చూస్తే, అగూటీలు ఒకటి దాచుకున్న గింజను మరొకటి దొంగిలించి మళ్ళీ మళ్ళీ పాతిపెట్టుకుంటున్నాయని 2012లో తేలింది. ఒక గింజను 36 సార్లు పాతిపెట్టాయి. అలా అది మొదట ఉన్న చోటికి 280 మీటర్ల దూరం చేరింది. పక్షి, ఎలుక జాతి జంతువు, పురుగు, బూజు, చీమ: వీటిలో ఒకటి పోయినా ఆ అడవి ఇలా ఉండదు. వేటాడి జంతువులను ఖాళీ చేసిన అడవి చెట్లు నిలబడి ఉన్నా నెమ్మదిగా పేదదవుతుంది.

"మీ దేశంలోనూ ఇలా చెట్లు లెక్కపెడతారా?" అని రేవు దగ్గర ఆ అమ్మాయి అడిగింది. ముదుమలై గురించి చెప్పాను. నీలగిరుల పాదంలో, తమిళనాట, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్ బృందం 1988లో ఇదే పద్ధతిలో 50 హెక్టార్ల క్షేత్రాన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచంలో ఇలాంటివి డెబ్బైకి పైగా ఉన్నాయి. ముదుమలైది ఎండు అడవి, అక్కడి జాతులు డెబ్బై పైచిలుకే. అక్కడ చెట్ల తలరాత రాసేవి ఎక్కువగా కార్చిచ్చు, ఏనుగులు, అనావృష్టి. టేకు, నల్లమద్ది, చిరుమాను ఉన్న ఆ అడవి మన నల్లమలకు దగ్గరి పోలిక. పనామా పాఠం ముదుమలైకి పూర్తిగా సరిపోదు, ముదుమలై పాఠం పాపికొండలకు సరిపోకపోవచ్చు. ఏ అడవి లెక్క ఆ అడవిలోనే తీయాలి.

1982–83 ఎల్ నినో కరువులో బారో కొలరాడోలో చెట్ల చావులు పెరిగిన సంగతి లోకానికి తెలిసిందంటే, అంతకు ముందే ఎవరో చెట్లకు బిళ్ళలు కట్టారు కాబట్టి. ముందు లెక్క లేకపోతే తర్వాతి నష్టం కూడా లెక్కకు రాదు. వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో మన తూర్పు కనుమలకు ఆ ముందు లెక్క విస్తారంగా కావాలి. నాటే మొక్కల సంఖ్యతో పాటు అవి ఎన్ని జాతులు, ఐదేళ్ళకు ఎన్ని మిగిలాయి అన్నది కూడా మనం అడగాలి. వరసల్లో నిలబెట్టిన జామాయిల్ తోట కలప ఇస్తుంది. దాన్ని అడవి అని మాత్రం లెక్కలో రాయకూడదు.

శ్రీశైలం, అరకు, ఆదిలాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా మనవి ఇది. అటవీశాఖ అనుమతితో ఒక్క హెక్టారు తీసుకోండి. టేపు, అల్యూమినియం బిళ్ళలు, రాసుకునే పుస్తకం, చెట్ల పేర్లు తెలిసిన ఒక చెంచు పెద్దో, కొండదొర పెద్దో చాలు. ప్రతి చెట్టునూ కొలవండి, ఐదేళ్ళకు మీ తర్వాతి విద్యార్థులు మళ్ళీ కొలుస్తారు. కొలవకుండా గడిపేసిన ఏడాది లెక్క తర్వాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.